దండోరా లేని ఆజ్ఞ

ఇటీవల తెనాలిలో జరిగిన ఒక సాహిత్య గోష్ఠి ముగిశాక ఒక విద్యార్థి నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న వేశాడు. మా ఇద్దరిదీ ఒకే ప్రాంతం. నాది నిజాంపట్నం; అతనిది దానికి కొంచెం ఎగువన, కాలవ గట్టు మీది పల్లె. వాళ్ల తాతకు ప్రభుత్వం ఎప్పుడో డి-ఫారం పట్టా ఇచ్చిన ఎకరంన్నర చవుడునేల ఉండేదట. దాన్ని ఖాళీ చెయ్యమని ఒక తాఖీదు వచ్చింది. అందులో 'సూచిక 1లో ఉదహరించిన ఉత్తర్వు మేరకు' అన్న ముక్క ఉంది. ఆ సూచిక 1 ఏమిటో చూపించమని ముసలాయన ఏడాదిన్నర తిరిగాడు. ఒక బల్ల దగ్గర అది పైనుంచి రావాలన్నారు. మరో బల్ల దగ్గర అది మీకు ఇచ్చేది కాదన్నారు. తాత పోయాడు. ఉత్తర్వు మాత్రం ఈనాటికీ ఆ ఇంట్లో ఎవరి కంటా పడలేదు.

"దీని మీద కథ రాస్తున్నాను మాస్టారూ. తాతను రాశాను, గుమాస్తాను రాశాను. ఆ ఉత్తర్వును ఎట్లా రాయాలో తెలియటం లేదు. కనపడనిదాన్ని కథలో ఎక్కడ పెట్టాలండీ?" అన్నాడు.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రేపల్లె దాకా బస్సులో ఆలోచిస్తూనే వచ్చాను. ఇది కేవలం శిల్పానికి సంబంధించిన ప్రశ్న కాదు. రాజ్యం తన మాటను ఎవరికి వినిపిస్తుంది, ఎవరికి వినిపించదు అన్న ప్రశ్న. ఈ విద్యను పూర్తిస్థాయి యంత్రాంగంగా పెంచినవారు అమెరికా అధ్యక్షులు. ఆ యంత్రం పనితీరు తెలిస్తే, మన ఊరి తాఖీదులోని సూచిక 1 కూడా కొంత అర్థమవుతుంది. హోదాలో, పర్యవసానంలో ఆ రెంటికీ పోలిక లేదు. ఒకటి దేశాలను కూల్చింది, మరొకటి ఎకరంన్నరను తీసుకుంది. అయితే రెంటికీ వేసిన తాళం ఒకటే.

ఆజ్ఞకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి: ఆన, హుకుం, తాఖీదు, ఫర్మానా, సనదు, ఉత్తర్వు, ఇప్పుడు జీవో. పాలకులు మారినప్పుడల్లా ఒక మాట మిగిలిపోయింది. వీటితోపాటు మరో మాట కూడా ఉంది: దండోరా. నా చిన్నతనంలో ఊళ్లో ఏ ప్రభుత్వపు మాటైనా ముందు తప్పెట మీద వినపడేది. ఆ పనిని ఊరు ఏ కులం నెత్తిన పెట్టిందో, అందులో ఎంత అన్యాయం ఉందో వేరే చెప్పుకోవలసిన సంగతి. నేను అంటున్నది ఇంతే: తప్పెట మోగనిదే ఆజ్ఞ అమల్లోకి వచ్చినట్టు ఊరు ఒప్పుకునేది కాదు. వినపడని ఆజ్ఞకు లోబడటమెట్లా అన్నది పల్లెటూరి న్యాయం.

ఆదేశం తయారయ్యే తీరు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1947లో, అమెరికా జాతీయ భద్రతా చట్టం చేసింది. ఆ చట్టంతోనే జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. అధ్యక్షుడు, విదేశాంగ, రక్షణశాఖల మంత్రులు మొదలైనవారు అందులో కూర్చుంటారు. ఆ బల్ల మీదనే ఒక కొత్త రకం రాత పుట్టింది.

అధ్యక్షుడు మామూలుగా జారీ చేసే కార్యనిర్వాహక ఉత్తర్వును, అది బయట పెట్టగూడని విషయమైతే తప్ప, వాళ్ల గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చువేస్తారు. దానికి 1935 నాటి చట్టం ఉంది. భద్రతా ఆదేశానికి ఆ బాధ లేదు. దాన్ని గెజిట్‌లో వేయనక్కరలేదు, దానంతటదే పార్లమెంటుకు పంపనక్కరలేదు. ఎవరెవరికి అందాలో పైన రాసి ఉంటుంది. ఆ పేర్లలో లేనివారికి అది లేనట్టే. మరి దాని విలువ? ఉత్తర్వుకూ ఆదేశానికీ చట్టరీత్యా బలంలో తేడా లేదని 2000లో అమెరికా న్యాయశాఖే అభిప్రాయం చెప్పింది. అంటే గెజిట్‌కెక్కిన కాగితానికి ఎంత బలమో, పెట్టెలో దాచిన కాగితానికీ అంతే.

సాధారణంగా ఈ పత్రాలు రెండు రకాలు. మొదటిది అధ్యయన పత్రం: ఫలానా దేశం గురించి మనకున్న మార్గాలేమిటో పరిశీలించి ఇన్ని రోజుల్లో నివేదించండి అని శాఖలకు చెబుతుంది. రెండోది నిర్ణయ పత్రం: ఈ మార్గం ఎంచుకున్నాను, అమలు చేయండి అంటుంది. వరసగా అంకెలు వేస్తారు. అధ్యక్షుడు మారినప్పుడు తరచుగా పేరూ మారుతుంది, అంకె మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ట్రూమన్, ఐసెన్‌హోవర్ల కాలంలో ఎన్.ఎస్.సి. పత్రాలు, కెనెడీ, జాన్సన్ల కాలంలో ఎన్.ఎస్.ఎ.ఎం.లు, నిక్సన్, ఫోర్డులకు ఎన్.ఎస్.డి.ఎం.లు, రీగన్‌కు ఎన్.ఎస్.డి.డి.లు. రీగన్ ఒక్కడే ఎనిమిదేళ్లలో మూడు వందలకు పైగా ఆదేశాలిచ్చాడు. క్లింటన్, ఒబామా, ట్రంప్, బైడెన్ తలా ఒక పేరు పెట్టుకున్నారు. వీటిలో కొన్నిటిని అధ్యక్షులే ప్రకటిస్తారు. ఏది ప్రకటించాలో, ఏది దాచాలో తేల్చేది కూడా వాళ్లే. అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే సంస్థ 1992లో ఈ ఆదేశాల మీద నివేదిక రాసినప్పుడు, రహస్యం తొలగించి బయటికి వదిలినవాటిని ఆధారం చేసుకుని రాయవలసివచ్చింది. చట్టాలు చేసేవారి తరఫున లెక్క చూసే చేతికే ఆ కాగితాలు అందలేదు.

రెండు భాషల రాజ్యం

రచయితలుగా మనం గమనించవలసింది వీటి వచనాన్ని. రహస్య ఆదేశం ఎప్పుడూ నిర్ణయాన్ని మాత్రమే దాచదు. పైకి ఏం మాట్లాడాలో కూడా అదే నిర్దేశిస్తుంది. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది వియత్నాం. 1965 ఏప్రిల్ 6 నాటి ఎన్.ఎస్.ఎ.ఎం. 328. అప్పటిదాకా దనాంగ్‌లో వైమానిక స్థావరానికి కాపలా అన్న పేరుతో ఉన్న మెరైన్ సేనలు ఇక దాడులకు కూడా దిగవచ్చునని జాన్సన్ ఒప్పుకున్న పత్రమది. ఒక దేశం నేల మీద యుద్ధంలోకి అడుగుపెట్టిన క్షణమన్న మాట. అదే పత్రంలో మరో ఆజ్ఞ ఉంది: ఈ సంగతి ముందుగా ప్రచారం కాకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకోవాలి, విధానం హఠాత్తుగా మారినట్టు కనపడకూడదు, పాత పద్ధతే కొనసాగుతున్నట్టు ఉండాలి. ఆ జూన్‌లో విదేశాంగశాఖ ప్రతినిధి నోటివెంట కొంత నిజం జారింది. మర్నాడే శ్వేతసౌధం కొత్త ఆజ్ఞ ఏదీ లేదని ప్రకటించింది. అసలు సంగతి 1971 జూన్‌లో, డేనియల్ ఎల్స్‌బర్గ్ బయటపెట్టిన పెంటగాన్ పత్రాలు పత్రికలకెక్కినప్పుడు గాని ప్రజలకు తెలియలేదు. ఆరేళ్లు! ఆ ఆరేళ్లలో ఎంతమంది వియత్నాం రైతులు, ఎంతమంది అమెరికా బీదబిడ్డలు చనిపోయారో మనకు తెలుసు. మన కవులు వియత్నాం మీద గీతాలు రాసిన కాలమది. వాళ్లు రాసింది నిజం. అప్పటికి దాచిన కాగితం అబద్ధం.

రెండోది చిలీ. 1970 నవంబరులో సాల్వడార్ అయెండే ప్రజల ఓట్లతో గెలిచి అధ్యక్షుడయ్యాడు. అదే నవంబరు 9న ఎన్.ఎస్.డి.ఎం. 93 వెలువడింది. దాని మీద సంతకం నిక్సన్‌ది కాదు, ఆయన భద్రతా సలహాదారు కిసింజర్‌ది. పైకి మర్యాద తప్పకుండా, అయితే ముభావంగా ఉండాలని ఆ పత్రం చెబుతుంది. లోపల మాత్రం ఒత్తిడి పెంచాలి. అప్పులు పుట్టకుండా, అంతర్జాతీయ ఆర్థిక సంస్థల నుంచి సహాయం అందకుండా చూడాలి. ఆ ప్రభుత్వం కాళ్లు నిలదొక్కుకోకూడదు. రెండు ముఖాలూ ఒకే కాగితం మీద, ఒకే చేతి కింద. 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్ర జరిగింది. అయెండే ఆనాడే మరణించాడు. పన్నెండు రోజుల తర్వాత పాబ్లో నెరూడా పోయాడు. ఆ కవిని తమవాడిగా చేసుకున్న తెలుగు పాఠకులు ఆ వార్తకు దుఃఖించారు. ఆ దుఃఖం వెనక ఒక అంకె వేసిన పత్రం ఉన్నదని అప్పుడు మనకు తెలియదు. కుట్రకు ఆ పత్రమొక్కటే కారణమని నేననను. చిలీలో సొంత వర్గాలున్నాయి, సొంత సైన్యాధికారులున్నారు. అయితే ఆ దేశపు ఊపిరి బిగించమన్న ఆజ్ఞ రాతపూర్వకంగా ఉన్నదన్నది ఈనాడు వాదన కాదు, రుజువైన విషయం.

మూడోది నేరుగా రచయితలకు తగిలేది. 1983 మార్చి 11 నాటి ఎన్.ఎస్.డి.డి. 84. అత్యంత రహస్యాలు చూసే ఉద్యోగులు తర్వాతి జీవితమంతా, పదవి దిగిపోయాక సైతం, తమ రాతలను ముందుగా ప్రభుత్వానికి చూపించి ఒప్పించుకున్నాకే అచ్చువేయాలని ఒప్పందం రాసివ్వాలన్నది. అబద్ధాన్ని పట్టే యంత్రపు పరీక్షల ప్రస్తావన కూడా అందులో ఉంది. ఈ ఆదేశం రహస్యంగా లేదు. దాని పని మాత్రం రహస్యాన్ని ఉద్యోగి బతికినన్నాళ్లూ సాగదీయటం. పార్లమెంటు సభ్యులూ పత్రికలవాళ్లూ గట్టిగా ఎదిరించిన మీదట 1984 ఫిబ్రవరిలో రీగన్ ఆ షరతును పక్కన పెట్టవలసివచ్చింది. బయట పెట్టిన ఆదేశాన్ని ప్రజలు ఎదిరించగలిగారు. దాచిన 328నూ, 93నూ ఎవరెదిరించగలరు? ఈ మూడు పత్రాలనూ పక్కపక్కన పెడితే తేలే పాఠం ఇది.

మా సముద్రం మీది రెండు రహస్యాలు

1971 డిసెంబరులో నేను బడిపిల్లవాణ్ణి. మా ఇంట్లో రేడియో లేదు. రేవు దగ్గర ఒక కొట్లో ఉండేది. వార్తల వేళకు వలలు బాగుచేసుకునేవాళ్లందరూ అక్కడ చేరేవారు. అమెరికా ఏడవ నౌకాదళం బంగాళాఖాతంలోకి వస్తున్నదని ఆ రేడియోలోనే విన్నాను. ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ మీద విమానాలు ఎగురుతాయని ఎవరో చెప్పారు. "మన నీళ్లల్లో వాళ్లకేం పనిరా?" అని మా పెదనాన్న అడిగింది గుర్తుంది. ఆయన వేటకు వెళ్లే నీళ్లవి.

ఆ ప్రశ్నకు వాషింగ్టన్ పైకి చెప్పిన జవాబు: తూర్పు పాకిస్తాన్‌లో చిక్కుకున్న అమెరికన్లను తీసుకురావటం. అంతకుముందు, జూలైలోనే, ఉపఖండంలో యుద్ధం వస్తే ఏం చేయాలో సిద్ధం చేయమని ఎన్.ఎస్.ఎస్.ఎం. 133 అనే అధ్యయన పత్రం శాఖలకు వెళ్లింది. డిసెంబరు 3న యుద్ధం మొదలైనప్పుడు లోపలి సమావేశంలో కిసింజర్, అధ్యక్షుడు పాకిస్తాన్ వైపు మొగ్గాలంటున్నాడని అధికారులకు చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత విలేఖరుల ముందు తాము భారతదేశానికి వ్యతిరేకులం కామన్నాడు. ఆ లోపలి సమావేశాల వివరాలు జాక్ ఆండర్సన్ అనే విలేఖరి చేతికి చిక్కి 1971 డిసెంబరు, 1972 జనవరిలో పత్రికలకెక్కాయి. ఆయనకు 1972లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మా పెదనాన్న ప్రశ్నకు జవాబు అలా ప్రభుత్వం నుంచి కాదు, ఒక రాతగాడి నుంచి వచ్చింది.

అయితే ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. అదే డిసెంబరులో, అదే సముద్రం మీద, మనవాళ్లకూ ఒక రహస్యం ఉంది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ల వైపు దాచి, అది విశాఖలోనే ఉన్నట్టు శత్రువును నమ్మించటానికి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దొంగ సంకేతాలు పంపించాడు. విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3–4 రాత్రి విశాఖ తీరాన మునిగిపోయింది. ఆ రహస్యం పొక్కి ఉంటే ఎందరు నావికులు చనిపోయేవారో! మరి రహస్యమంతా చెడ్డదని ఎట్లా అంటాం?

అనం. తేడా ఇది. ఓడ ఎక్కడుందన్నది కొన్నాళ్లపాటు దాచవలసిన చర్య. యుద్ధం ముగియగానే దాచవలసిన అవసరమూ ముగిసింది. ఆ కథను కృష్ణన్ తానే తర్వాత చెప్పుకున్నాడు. భారతదేశం యుద్ధంలో ఉన్నదా లేదా, ఎవరి పక్షాన, ఎందుకోసం అన్నది ఆనాడు ప్రతి పౌరుడికీ తెలుసు. నిక్సన్ దాచింది చర్యను కాదు, విధానాన్ని. శత్రువు నుంచి కాదు, తన ప్రజల నుంచి. విక్రాంత్ రహస్యం శత్రువు కళ్లు కప్పింది; మొగ్గు రహస్యం ఓటరు కళ్లు కప్పింది. భద్రత పేరు చెప్పి ఈ రెంటినీ ఒకే సంచిలో వేయటమే పాలకుల నేర్పు. వాటిని విడదీసి చూపటం విమర్శకుడి పని.

ఇది పరాయి జబ్బు కాదు

ఇదంతా అమెరికా సామ్రాజ్యవాదపు రోగమని చెప్పి చేతులు దులుపుకోవటం సులభం. మా నిజాంపట్నం చరిత్రే అందుకు ఒప్పుకోదు. పెద్దపల్లి అనే పాత పేరుతో ఉన్న ఈ రేవుకు 1606లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారు వచ్చారు. 1759 మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నం సర్కారుతోపాటు నిజాంపట్నాన్ని కూడా కుంఫిణీకి రాసిచ్చాడు. ఇక్కడ ఉప్పు పండించేవాడూ వల వేసేవాడూ ఆ రోజు యజమాని మారాడని ఎరగరు. ఆపైన 1765 ఆగస్టులో క్లైవ్ ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర ఉత్తర సర్కార్లకు ఫర్మానా సంపాదించాడు. అప్పటికి దేశం మీద నిజాం ఆలీ పెత్తనం ఉంది. కుంఫిణీ సేనలు ఇంకా సిద్ధంగా లేవు. అందుకని ఆ ఫర్మానాను కొన్ని నెలలు బయటపెట్టలేదు. సేన కదిలాక 1766లో మచిలీపట్నంలో ప్రకటించారు. ముందు కత్తి, తర్వాత దండోరా. ఒక ప్రాంతపు జనం తలరాతను మార్చిన కాగితం పెట్టెలో నెలల తరబడి పడుకున్నదంటే, రహస్య ఆదేశానికి మన నేల మీద రెండున్నర శతాబ్దాల వయసుందన్న మాట.

కుంఫిణీ పోయింది, దొరలు పోయారు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాత్రం మిగిలింది. మన రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం కేంద్రప్రభుత్వపు ప్రతి చర్యా రాష్ట్రపతి పేరిట, 166వ అధికరణం ప్రకారం రాష్ట్రప్రభుత్వపు ప్రతి చర్యా గవర్నరు పేరిట నడుస్తుంది. జీవో అడుగున గవర్నరు పేరిట అన్న వాక్యం ఉండేది అందుకే. మన రాష్ట్రపతి అమెరికా అధ్యక్షుడి వంటివాడు కాడు, మంత్రిమండలి సలహాకు బద్ధుడు. అయినా 1975 జూన్ 25 రాత్రి ఆంతరంగిక అత్యవసర పరిస్థితి ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసేనాటికి మంత్రిమండలికే ఆ సంగతి తెలియదు. మర్నాడు పొద్దున్నే పిలిచి చెప్పారు. మరికొద్ది రోజుల్లో మీసా చట్టాన్ని సవరించి, నిర్బంధితుడికి అతని నిర్బంధానికి కారణం చెప్పనక్కరలేదన్నారు. ఎందుకు జైల్లో ఉన్నాడో తెలియకుండానే ఎందరో తెలుగు రచయితలు, కార్యకర్తలు ఆ ఇరవై ఒక్క నెలలూ గడిపారు. కారణం ఉన్నది, రాసి ఉన్నది, అతనికి మాత్రం చూపరు. మన తాత సూచిక 1 లాగే.

ఈ తాళాన్ని బద్దలుకొట్టిన సందర్భాలు కూడా మన దేశంలో ఉన్నాయి. వాటిని సాహిత్య విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. జయపూరు సంస్థానంలో 1923లో మంత్రుల సభ నల్లమందు చట్టమొకటి తీర్మానించి ఎక్కడా ప్రకటించలేదు. దాని కింద శిక్షపడిన హర్లా అనే మనిషి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1951లో న్యాయమూర్తి వివియన్ బోస్, జనానికి తెలియజేయని చట్టంతో జనాన్ని శిక్షించటం సహజన్యాయానికి విరుద్ధమని తీర్పిచ్చాడు. మా ఊరి తప్పెట న్యాయాన్నే సుప్రీంకోర్టు నల్లకోటు వేసుకుని చెప్పిందనుకున్నాను ఆ తీర్పు చదివినప్పుడు. తర్వాత రాజ్‌నారాయణ్ కేసు. ప్రధానమంత్రి పర్యటనల భద్రతకు సంబంధించిన 'బ్లూబుక్' అనే రహస్య నియమావళి కోర్టు ముందు పెట్టాలా అక్కరలేదా అన్నది వివాదం. 1975 జనవరి 24న న్యాయమూర్తి కె.కె. మాథ్యూ, ప్రభుత్వోద్యోగులు ప్రజల పేరిట చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకుందన్నాడు. ఆ మాట పుట్టి ఐదు నెలలు తిరిగేసరికి ఎమర్జెన్సీ వచ్చిపడింది. 2005లో సమాచారహక్కు చట్టం వచ్చింది. అందులోనూ భద్రతకు మినహాయింపు ఉంది. 2020 జనవరి 10న అనూరాధ భాసిన్ కేసులో, కశ్మీరులో ఇంటర్నెట్ ఆపిన ఉత్తర్వులను ప్రకటించాలనీ, అప్పుడే బాధితుడు వాటిని సవాలు చేయగలడనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఊరంతటి నోరు నొక్కిన ఉత్తర్వును చూపించమని 2020లో కూడా అడగవలసివచ్చిందన్నది గమనించండి.

ఇక మన ఇంటి సంగతి. 2008లో వాడరేవు–నిజాంపట్నం రేవుల పారిశ్రామిక కారిడార్ పేరుతో వేల ఎకరాలు సేకరించినప్పుడు మా తీరంలో చదువురానివాళ్ల నోట కూడా 'జీవో' అన్న మాట నానింది. మంత్రివర్గం ముందు పెట్టిందేమిటి, జీవోలో రాసిందేమిటి అన్నది తర్వాత సి.బి.ఐ. అభియోగపత్రంలోకి ఎక్కిన వివాదం. అక్కడ ఉత్తర్వు కనీసం కనపడింది గనుక తగాదా అయినా నడిచింది. 2021 ఆగస్టులో, సంఖ్యా తేదీ తప్ప లోపల ఏమీ లేని ఖాళీ జీవోల మీద రగడ జరుగుతుండగానే, అసలు జీవోలను వెబ్‌సైటులో పెట్టటమే ఆపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. అదే నెలలో అవతల తెలంగాణ హైకోర్టు జీవోలను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టమని తమ ప్రభుత్వానికి చెప్పవలసివచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో, పాత పద్ధతిని పునరుద్ధరించారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ దండోరా ముద్దే. గద్దె ఎక్కాక తప్పెట చప్పుడు తలనొప్పి. ఈ జీవోల్లో ఎక్కువభాగం దేశభద్రతకు ఏ సంబంధమూ లేనివి. బదిలీలు, బిల్లులు, భూములు. అయినా భద్రత కోసం తయారుచేసిన తాళం వాటికీ సరిపోయింది. ప్రమాదం ఇక్కడే ఉంది. పెద్ద విషయం కోసమని ఒప్పుకున్న రహస్యం చిన్న విషయాలలోకి నీరు పల్లానికి దిగినట్టు దిగుతుంది. చివరికి కాలవ గట్టు మీది ముసలాయన దగ్గర ఆగుతుంది.

ఆ విద్యార్థికి జవాబు

ఇప్పుడు అతని ప్రశ్నకు వస్తాను. కనపడని ఉత్తర్వును కథలో ఎక్కడ పెట్టాలి?

నా సలహా: దాన్ని ఊహించి రాయకు. మూసిన గదిలో నలుగురు కూర్చుని కుట్ర పన్నినట్టు రాస్తే అది సినిమా అవుతుంది. పైగా నీకు తెలియనిది తెలిసినట్టు రాయటం వాళ్లు చేసిన పనే నువ్వూ చేయటం. ఎన్.ఎస్.ఎ.ఎం. 328ను రాసినవాళ్లు రాక్షసులు కారు. బల్ల దగ్గర కూర్చుని, వ్యాకరణం తప్పకుండా, మర్యాదైన ఇంగ్లీషులో రాసినవాళ్లు. ఆ గదిని రాయటం కన్న ఆ ఆజ్ఞ నడిచిన దారిని రాయి. సూచిక 1 అన్న రెండు మాటలను తాత ఎన్నిసార్లు వేలుపెట్టి చదివించుకున్నాడో రాయి. గుమాస్తాకు కూడా ఆ ఉత్తర్వు తెలియదు. తెలిసినట్టు నటించవలసిన దుస్థితి అతనిది. అతన్ని దుర్మార్గుణ్ణి చేయకు. తాత ఎక్కిన బస్సులు, కట్టిన ఛార్జీలు, పెట్టుకున్న అర్జీల తేదీలు రాయి. పెంటగాన్ పత్రాలైనా, ఆండర్సన్ కాగితాలైనా బయటికి వచ్చింది ఎవరో ఒకరు నకళ్లు తీసినందువల్ల, చేరవేసినందువల్ల. అటువంటి కాగితం నీకు దొరక్కపోవచ్చు. దొరకని కాగితం ఒక మనిషిని ఎట్లా తిప్పిందో నీ దగ్గర ఉంది. అదే నీ వస్తువు.

మరొక మాట. కథ రాయటంతో పని అయిపోదు. ఆ సూచిక 1 కోసం నువ్వు కూడా ఒక అర్జీ పెట్టు. సమాచారహక్కు కింద పది రూపాయల రుసుముతో పెట్టవచ్చు. ఇవ్వకపోతే ఏ సెక్షన్ కింద ఇవ్వటం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ నిరాకరణ కూడా ఒక కాగితమే, దానికీ ఒక తేదీ ఉంటుంది. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, ఆ తర్వాత కమిషన్‌కు.

మొన్న అతని ఉత్తరం వచ్చింది. కథ సగంలో ఉన్నదట. అర్జీ పెట్టి ఇరవై రెండు రోజులైందట. ముప్పై రోజుల గడువు ఇంకా ఎనిమిది రోజులుంది.